సున్నపు గీత అవతల

బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చిందంటే చాలు, ఎవరో పెద్దసారు వస్తున్నారని మా ఆశ్రమ పాఠశాల పిల్లలకు తెలిసిపోయేది. ముందు రోజు సాయంత్రమే గేటు నుంచి ఆఫీసు గది దాకా దారికి రెండు పక్కలా సున్నంతో గీతలు గీసేవారు. చెట్ల మొదళ్లకు జాజు, సున్నం పట్టెలు వేసేవారు. ఎప్పుడూ తాళం వేసి ఉండే మరుగుదొడ్లు ఆ రోజు తెరుచుకునేవి. ట్రంకు పెట్టెల్లోంచి కొత్త దుప్పట్లు తీసి పరిచి, వాటి మీద కూర్చోవద్దని మాకు గట్టిగా చెప్పేవారు. నీళ్ల చారుకు బదులు ఆ ఒక్క పూట చిక్కటి పప్పు, గుడ్డు, అరటిపండు ఉండేవి.

మాటలు కూడా ముందే నేర్పేవారు. "అన్నం ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది సార్" అనాలి. "సార్లు బాగా చెబుతున్నారా?" అంటే "బాగా చెబుతున్నారు సార్" అనాలి. నేను అప్పుడు మూడో తరగతి. ఇంట్లో గోండి తప్ప వేరే మాట లేదు, తెలుగు ఇంకా నోటికి తిరగలేదు. వచ్చిన సారు మంచివాడే అయ్యుంటాడు. నా తల నిమిరి, "నీది ఏ ఊరు బాబూ?" అని అడిగాడు. నాకు వచ్చిన జవాబు ఒక్కటే. "బాగుంది సార్" అన్నాను. అందరూ నవ్వారు. సారు నవ్వాడు, మా సార్లు నవ్వారు, వాళ్లు నవ్వుతున్నారని నేనూ నవ్వాను.

ఆ రోజు గజ్జి ఉన్న నలుగురు పిల్లలను స్టోర్‌రూంలో బియ్యం బస్తాల మధ్య కూర్చోబెట్టారు. వాళ్లలో ఒకడు మా గూడెం వాడే. కార్లు వెళ్లిపోయాక బయటికి వచ్చి, "గుడ్డు పెట్టారంట కదా, నాకు ఉంచారా?" అని అడిగాడు. ఎవరూ ఉంచలేదు. పొద్దుగూకేలోగా దుప్పట్లు మడత పెట్టి మళ్లీ ట్రంకులో పెట్టేశారు.

ఇప్పుడు నేనూ ఉపాధ్యాయుణ్ణే. ఆ బడి మీద కోపంతో ఇది రాయడం లేదు. ఏజెన్సీలో చదువుకున్న ఎవరిని అడిగినా ఇలాంటి కథ ఒకటి చెబుతారు. ఆ చిన్న బడిలో ఒక బకెట్ సున్నంతో జరిగిన పనే పెద్ద పట్టణాల్లో కోట్ల రూపాయలతో జరుగుతోంది. పెద్దవాళ్లు వస్తున్నారంటే ఊరును ఎందుకు ముస్తాబు చేస్తారు, అందులో ఎవరిని ముందుకు తెస్తారు, ఎవరిని దాస్తారు, మన ఆదివాసులకు అందులో ఏ పని అప్పజెబుతున్నారు అన్నది ఒకసారి నిదానంగా చూద్దాం.

పట్టణాలు చేసిన పని

2017 నవంబర్ చివర్లో హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ దానికి వచ్చారు. ఆ దారుల్లో రోడ్లు కొత్తగా వేశారు, గోడల మీద బొమ్మలు గీయించారు. అదే నెల 8వ తేదీ నుంచి రెండు నెలల పాటు నగరంలో అడుక్కోవడాన్ని నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వచ్చింది. కూడళ్లలో, గుడుల ముందు, దర్గాల ముందు ఉండే బిచ్చగాళ్లను పట్టుకుని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకు తరలించారు. అంతకు ముందు 2000 మార్చిలో క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు కూడా బిచ్చగాళ్లు రోడ్ల మీద కనబడకుండా చేశారు. అంటే ఇది ఒక్క ప్రభుత్వం తెలివి కాదు. పార్టీలు మారినా ఈ అలవాటు మారలేదు.

2020 ఫిబ్రవరి 24న ట్రంప్ అహ్మదాబాద్ వచ్చారు. విమానాశ్రయం నుంచి వచ్చే దారిలో సరానియావాస్ అనే బస్తీ ఉంది. ఆ దారి పక్కన సుమారు అర కిలోమీటరు పొడవున గోడ కట్టారు. ఆక్రమణలు ఆపడానికి, భద్రత కోసం కట్టామని నగరపాలక సంస్థ వాళ్లు చెప్పారు. అయితే గోడ లేచింది మాత్రం అతిథి వచ్చే రోజుల్లోనే. ఆ బస్తీలో ఉండే సరానియాలు ఎవరు? కత్తులు, కత్తెర్లు సానబట్టుకుని ఊరూరా తిరిగి బతికిన సంచార జాతి వాళ్లు. మన గూడేలకు కూడా సాన పట్టేవాళ్లు వస్తారు కదా, అలాంటి వాళ్లే. తరతరాలు తిరిగి తిరిగి ఒక చోట స్థిరపడితే, ఆ చోటును దేశాధ్యక్షుడి కంట పడకూడనిదిగా లెక్కగట్టారు.

2023 సెప్టెంబర్ 9, 10 తేదీల్లో ఢిల్లీలో జి-20 సమావేశాలు జరిగాయి. వసంత్ విహార్ దగ్గర కూలీ క్యాంప్ అనే బస్తీ ముందు ఆకుపచ్చ పరదాలు కట్టారు. ఆ పేరులోనే అక్కడ ఎవరుంటారో ఉంది. ఊళ్లో రోడ్లు ఊడ్చేవాళ్లు, పూలకుండీలు మోసేవాళ్లు, పరదాలు కట్టేవాళ్లు అలాంటి బస్తీల నుంచే వస్తారు. పొద్దంతా ఊరిని ముస్తాబు చేసిన మనిషి సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఆ ఇల్లే పరదా వెనక ఉంటుంది.

రష్యాలో ఒక పాత కథ ఉంది. 1787లో రాణి రెండో కేథరిన్ కొత్తగా కలుపుకున్న దక్షిణ ప్రాంతాలు చూడటానికి బయల్దేరితే, పొటెంకిన్ అనే సేనాని నది ఒడ్డున ఉత్తుత్తి ఊళ్లు కట్టించి చూపించాడంటారు. అందులో చాలా భాగం శత్రువులు పెంచి చెప్పిందేనని చరిత్రకారుల మాట. అయినా రెండు వందల ఏళ్లు దాటినా ఆ కథ చావలేదు. విన్న ప్రతి దేశం వాళ్లకూ అది తమ ఊరి కథలాగే అనిపించింది కాబట్టి బతికింది.

కారు అద్దంలోంచి కనిపించే ఊరు

ఈ ముస్తాబు ఎలా జరుగుతుందో ఏజెన్సీలో పనిచేసే ప్రతి ఉద్యోగికీ తెలుసు. ముందు పర్యటన కార్యక్రమం వస్తుంది. ఎన్ని గంటలకు హెలికాప్టర్ దిగుతుంది, ఎంతసేపు సభ, ఎక్కడ భోజనం అని నిమిషాలతో సహా రాసి ఉంటుంది. తర్వాత దారి ఖరారవుతుంది. ఇక ఆ క్షణం నుంచి ఊరంటే ఆ దారే. దాని మీద ఉన్న గుంత కనబడుతుంది, పక్క వీధిలో ఉన్న గుంత ఎవరికీ పట్టదు. దారి మీది అంగన్వాడీకి రంగు పడుతుంది, రెండు ఫర్లాంగుల లోపల రేకుల షెడ్డులో నడిచే అంగన్వాడీకి పడదు. కాన్వాయ్ ఎక్కడ మలుపు తిరుగుతుందో సరిగ్గా అక్కడ తారు ఆగిపోతుంది.

మా పెద్దలు ఒక మాట అంటుంటారు: "రోడ్డు కావాలంటే అర్జీ పెట్టకు, అతిథిని తెచ్చుకో." నవ్వుతూ అంటారు గానీ అందులో లెక్క ఉంది. వాగు మీద వంతెన కావాలని ఏళ్ల తరబడి తిరిగితే అటవీ అనుమతులు రాలేదంటారు, అంచనాలు పంపామంటారు, నిధులు లేవంటారు. అదే హెలిప్యాడ్ కావాలంటే మూడు రోజుల్లో పొలం చదునవుతుంది, రోలర్ వస్తుంది, రాత్రిళ్లు లైట్లు పెట్టి పని చేస్తారు. యంత్రం ఉందని, డబ్బు ఉందని, మనుషులు ఉన్నారని అప్పుడే తెలిసిపోతుంది. మన పని ఆగిపోయింది తాహతు లేక కాదని ఆ మూడు రోజులే చెబుతాయి. నా మటుకు నాకు ముస్తాబులో అన్నిటికంటే బాధ పెట్టేది ఈ సంగతే.

వానాకాలం వస్తే లోపలి గూడేల్లో పురిటి నొప్పుల ఆడమనిషిని మంచం మీద మోసుకుని వాగు దాటించాలి. పాడేరు వైపు అయితే డోలీ కట్టి కొండ దించాలి. పెద్దలు వచ్చేది ఎక్కువగా చలికాలం, ఎండాకాలం. వాగు ఎండిపోయి ఉంటుంది. ఎండిన వాగును కారులోంచి చూసిన వాళ్లకు అక్కడ వంతెన ఎందుకో అర్థం కాదు.

ఒక న్యాయమైన మాట కూడా చెప్పుకోవాలి. పెద్దవాళ్లు వచ్చినందువల్ల నిజంగానే రోడ్డు పడిన ఊళ్లు ఉన్నాయి, కరెంటు వచ్చిన గూడేలు ఉన్నాయి. అందుకే మనవాళ్లు ఎవరు వస్తారన్నా వద్దనరు. రావద్దని నేనూ అనను. వచ్చినవాళ్లకు ఏం చూపిస్తున్నాం, ఎవరు చూపిస్తున్నారు అన్నదే నా ప్రశ్న.

ఇల్లు అలకడం తప్పు కాదు

ఇక్కడ ఒక తమ్ముడు అడగవచ్చు. "చుట్టం వస్తే మన ఇళ్లు మాత్రం అలకమా? ముగ్గు పెట్టమా? ఉన్నదాంట్లో మంచి బియ్యం వండమా? సర్కారు చేస్తే తప్పెందుకు?" అని.

మంచి ప్రశ్న. మనం అలుకుతాం. పండుగకు ముందు ఇల్లంతా ఎర్రమట్టితో, పేడతో అలుకుతాం. కానీ చుట్టం వస్తున్నాడని ముసలమ్మను అటక మీద దాచం. జ్వరంగా ఉన్న పిల్లాడిని పెరట్లో కట్టేయం. వచ్చిన చుట్టం ఆ పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాడు, చేతనైతే మందు చెబుతాడు. చుట్టరికం అంటే అదే. ఇంట్లో బాధ ఉంటే చుట్టానికి చెప్పుకుంటాం.

కేస్లాపూర్ నాగోబా జాతరను గుర్తు చేసుకోండి. పుష్య మాసంలో మెస్రం వంశం వాళ్లు కాలినడకన గోదావరి దాకా పోయి నీళ్లు తెస్తారు. సిరికొండ కుమ్మరులు కుండలు చేసి ఇస్తారు. ఆడపడుచులు, కోడళ్లు తమ చేతులతోనే మట్టి తెచ్చి పుట్టను తయారు చేస్తారు. అదీ ముస్తాబే. మన దగ్గర దానికంటే పెద్ద ముస్తాబు లేదు. కానీ అక్కడ ఎవరినీ దాచరు. పైగా ఆ ఏడాది వచ్చిన కొత్త కోడళ్లను దేవుడి ముందుకు తీసుకొచ్చి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటాం. ఎవరూ ఎరగని పిల్లను అందరి ముందుకు తెచ్చి, ఈమె మనది అని చెప్పడమే ఆ పండుగ. పెద్దసారు వచ్చినప్పుడు జరిగేది దీనికి తలకిందులు. అందరికీ తెలిసిన మనిషిని ఆ పూటకు ఎవరూ ఎరగనట్టు పక్కకు తోస్తారు.

మనమూ పూలకుండీలమేనా?

పట్టణంలో పేదవాణ్ణి దాస్తారు. ఏజెన్సీకి వచ్చేసరికి ఇంకోటి కూడా చేస్తారు. మనల్ని ముందు నిలబెడతారు. మన బాధను దాచి మన ఆటను బయటికి తెస్తారు. మంత్రి కారు దిగగానే థింసా ఆడాలి, డప్పులు మోగాలి, కొమ్ముల కిరీటాలతో కొమ్ము కోయ వాళ్లు ఎదురెళ్లాలి, నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు గిరగిరా తిరగాలి. రెండు గంటలకు రావాల్సిన కాన్వాయ్ ఐదు గంటలకు వస్తుంది. అంతదాకా ఆ టోపీల బరువుతో వాళ్లు ఎండలో నిలబడాలి. కారు వచ్చాక రెండు నిమిషాల ఆట, నాలుగు ఫొటోలు. సభ మొదలయ్యాక వాళ్లకు వేదిక దగ్గర చోటుండదు.

గుస్సాడీ ఎవరో తెలిసిన వాళ్లకు ఇది ఎంత తలకిందుల పనో అర్థమవుతుంది. దీపావళి రోజుల్లో దండారి కట్టుకుని ఒక గూడెం వాళ్లు మరో గూడెం పోతారు. గుస్సాడీలు నియమంతో ఉంటారు, ఒంటికి బూడిద పూసుకుంటారు, ఆ రోజులన్నీ స్నానం చేయరు. వాళ్లు వచ్చారంటే ఆ గూడెమంతా ఎదురొచ్చి, విడిది ఇచ్చి, అన్నం పెట్టి సాగనంపుతుంది. దండారిలో మాటలు కలుస్తాయి, సంబంధాలు కుదురుతాయి. అంటే గుస్సాడీయే అక్కడ అతిథి. ఇంటివాళ్లు ఆయనకు ఎదురు వెళ్తారు. పండుగ చివర కోలబోడి చేసి టోపీలను, సామానును భక్తిగా దాచిపెట్టుకుంటారు. అలాంటి అతిథిని తీసుకొచ్చి మరొకరి కారుకు ఎదురు నిలబెడితే, దేవుడి పేరు మీద తిరిగే మనిషిని స్వాగత తోరణం చేసినట్టే.

మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మేమంతా పొంగిపోయాం. ఆయన ఆ ఆటను ఎందరో కుర్రాళ్లకు నేర్పి నిలబెట్టారు. మన ఆట పెద్ద వేదికల మీదికి పోవద్దని నేను అనడం లేదు. పోవాలి. కళాకారుడిగా పిలిచి, కుర్చీ వేసి, ఆయన ఆటకు అర్థమేమిటో సభకు చెప్పి ఆడించడం ఒకటి. హెలిప్యాడ్ పక్కన బారికేడ్ల వెనక నిలబెట్టి ఆడించడం ఇంకొకటి. మొదటిది గౌరవం. రెండోదానిలో మనిషికీ పూలకుండీకీ తేడా లేదు. కుండీని కూడా అద్దెకు తెచ్చి, పని అయ్యాక లారీ ఎక్కిస్తారు.

2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలను ములుగు జిల్లాలోని రామప్ప గుడికి తీసుకొచ్చారు. గుడికి వెళ్లేముందు వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి కడగడానికి, తుడవడానికి స్థానిక ఆడవాళ్లను పెట్టారు. ఆ దృశ్యం చూసి రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. గుడికి పోయేముందు కాళ్లు కడుక్కోవడం ఆచారమే కదా అని కొందరు సమర్థించారు. మన ఇళ్లలో కూడా చుట్టం వస్తే చెంబుతో నీళ్లిస్తాం. ఆ చెంబు చుట్టం చేతికి ఇస్తాం, ఆయన కాళ్లు ఆయనే కడుక్కుంటాడు. వచ్చినవాళ్లను గౌరవించడానికి ఇంటివాళ్లు వంగాల్సిన అవసరం లేదని మన చెంబుకు తెలుసు. పర్యటన ఏర్పాట్లు చేసినవాళ్లకు తెలియలేదు.

వినడానికి వచ్చిన అతిథులు

పెద్దవాళ్ల రాక ఎప్పుడూ ఇలాగే ఉండాలా? ఉండనక్కర్లేదని మన చరిత్రలోనే ఉంది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన సహచరులు నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగారు. ఆ తర్వాత గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో మన మధ్యే ఉండి, మన మాట నేర్చుకున్నారు. ఎవరి భూమి ఎవరు లాక్కున్నారో, అటవీ శాఖ ఎవరి గుడిసెలు పీకిందో దగ్గర నుంచి చూశారు. గోండి పిల్లలకు బడి, గోండి యువకులకు ఉపాధ్యాయ శిక్షణ అక్కడే మొదలయ్యాయి. నాగోబా జాతరలో దర్బారు పెట్టాలన్న ఆలోచన కూడా 1940లలో ఆయన ద్వారా వచ్చిందే. వేల మంది గోండులు ఎలాగూ జాతరకు వస్తారు, అధికారులే అక్కడికి వచ్చి కూర్చుని వాళ్ల ఫిర్యాదులు వినాలన్నది దాని ఉద్దేశం.

ఆయనను దేవుణ్ణి చేయనక్కర్లేదు. పంపింది కాల్పులు జరిపిన ప్రభుత్వమే. జోడేఘాట్‌లో నెత్తురు చిందకపోతే మన మాట వినాలని వాళ్లకు తోచేదే కాదు. కానీ దర్బారు పద్ధతిని గమనించండి. అక్కడ చోటు మనది, రోజు మనది, పండుగ మనది. అధికారి మన దగ్గరికి వస్తాడు. ఆయన కోసం మనం వేరే ఊరు తయారు చేయం. ఆయన వచ్చింది చూసిపోవడానికి కాదు, వినిపోవడానికి. ఈ రోజు దర్బారులో ఎవరు ఎంతసేపు మాట్లాడారు, ఎంతసేపు విన్నారు అన్నది ప్రతి ఏడూ మనమే గడియారం పెట్టుకుని లెక్కేయాలి. ప్రసంగాల సమయం అర్జీల సమయాన్ని మింగేస్తే, దర్బారుకు కూడా సున్నం వేసినట్టే.

అదే ఇంద్రవెల్లి మండలంలో ఇంకో జ్ఞాపకం ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన మనవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. తర్వాత చాలా ఏళ్లు, ఆ తేదీ వచ్చిందంటే స్థూపం దగ్గరికి పోయి నివాళి అర్పించడానికి వీల్లేకుండా 144వ సెక్షన్ పెట్టేవారు. 2017లో హైదరాబాదులో బిచ్చగాళ్లను తీసేయడానికి వాడిందీ ఆ సెక్షనే. ఒక చోట ఆకలి కనబడకూడదు, మరో చోట దుఃఖం కనబడకూడదు. రెంటికీ ఒకే కాగితం సరిపోయింది. పట్టణంలో పరదా వెనక ఉన్నవాళ్ల సంగతి మనకెందుకు అనుకునే తమ్ముళ్లు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.

నా తప్పు

ఇంతదూరం చెప్పి నా సంగతి దాచుకుంటే నేనూ గోడకు సున్నం వేసినవాణ్ణే అవుతాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మా బడికి తనిఖీకి వస్తున్నారని ఫోన్ వచ్చింది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే నా చేతులు ఆ పనికి దిగాయి. చార్టులు అతికించాను. చురుకైన పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టాను. నాలుగో తరగతిలో ఒక అమ్మాయి గౌను భుజం దగ్గర చిరిగి ఉంది, చేతుల మీద పుండ్లు ఉన్నాయి. ఆమెను చివరి వరుసలో గోడ పక్కన కూర్చోమన్నాను. ఏమీ అనకుండా వెళ్లి కూర్చుంది. తనిఖీ అయిపోయింది, మంచి మాట కూడా వచ్చింది. సాయంత్రం ఇంటికి పోతూ ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, రేపు ముందు కూర్చోవచ్చా?" అని అడిగింది.

నన్ను స్టోర్‌రూంలో పెట్టలేదు కాబట్టి, దాచడమంటే ఏమిటో నాకు అంతదాకా పూర్తిగా తెలియలేదు. ఆ పొద్దు తెలిసింది. పిల్లల్ని దాచమని ఏ జీవోలోనూ ఉండదు. మనలోనే ఒకరు, మన భాష మాట్లాడేవారు, మన ఊరివారు ఆ పని చేసేస్తారు. సున్నపు బకెట్ మన చేతికే ఇస్తారు.

ఉపాధ్యాయ మిత్రుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. పై నుంచి మెమో వస్తుందని భయం. సి.ఆర్.టి.గా పనిచేసే తమ్ముడికి వచ్చే ఏడు రెన్యువల్ ఉంటుందో లేదో తెలియదు. అలాంటివాణ్ణి ఎదురు తిరగమని చెప్పడం సులువు, చేయడం కష్టం. కానీ ఎవరి ఉద్యోగమూ పోకుండా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, రెండు రోజుల పుస్తకం. ఎవరైనా వచ్చే వారం ముందు బడిలో ఎన్ని బల్బులు వెలుగుతున్నాయి, ఎన్ని కుళాయిల్లో నీళ్లు వస్తున్నాయి, ఎన్ని దుప్పట్లు వాడకంలో ఉన్నాయి, వారంలో ఎన్ని గుడ్లు పెట్టారు అని పిల్లలతోనే రాయించండి. వాళ్లు వెళ్లిన వారం తర్వాత మళ్లీ రాయించండి. దాన్ని లెక్కల పాఠం అనండి, పరిసరాల విజ్ఞానం అనండి. ఎవరి మీదా ఆరోపణ లేదు, రెండు పేజీలు పక్కపక్కన ఉంటాయి, అంతే. ఆ పుస్తకం రెండేళ్లు నడిస్తే పిల్లలకు కొలవడం వస్తుంది, బడికి సాక్ష్యం మిగులుతుంది.

రెండు, జవాబులు నేర్పడం మానేద్దాం. పిల్లవాడు గోండిలో చెబితే గోండిలోనే చెప్పనిద్దాం, కొలామీలో చెబితే కొలామీలోనే. మనం పక్కన నిలబడి తెలుగులో చెబుదాం. అడిగిన ప్రశ్నకు తనకు తెలిసిన జవాబు చెప్పే పిల్లవాణ్ణి చూసి ఏ అధికారీ కోపగించుకోడు. ఒకవేళ కోపగించుకుంటే ఆ సంగతి కూడా మనకు తెలియాల్సిందే.

మూడు, ఆట గురించి. గూడెంలో పటేల్, దేవారి, పెద్దలు, కుర్రాళ్లు కూర్చుని ముందే మాట్లాడుకోవాలి. ఏ ఆటను పండుగ బయట ఆడవచ్చు, ఏది ఆడకూడదు? ఆడితే ఎంత కూలి, నీడ ఎక్కడ, కుర్చీ ఎక్కడ, అన్నం ఎక్కడ? ఆట అయ్యాక ఆ బృందం నుంచే ఒకరు మైకు తీసుకుని గూడెం అర్జీ చదవాలి. ఇవి ఒప్పుకుంటేనే వస్తామని చెప్పాలి. మర్యాదగానే చెప్పాలి.

నాలుగు, గ్రామసభ. 1996 పెసా చట్టం మన ప్రాంతంలో గ్రామసభకు ప్రణాళికలను ఆమోదించే అధికారం ఇచ్చింది. పంచాయతీ ఖర్చు పెట్టిన డబ్బు సరిగ్గా ఖర్చయిందని ధ్రువపత్రం ఇవ్వాల్సింది కూడా గ్రామసభే. ముస్తాబుకు పంచాయతీ డబ్బు ఎంత పోయిందని అడిగే చోటు అదే. పై శాఖల ఖర్చు కావాలంటే 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు పది రూపాయల దరఖాస్తు రాయడం నేర్చుకోవాలి. పర్యటన ఖరారైన రోజునే గ్రామసభ ఒక తీర్మానం చేసి పంపవచ్చు: అతిథి మా వాగు దాకా నడవాలి, మా లోపలి గూడెంలో ఒక గంట కూర్చోవాలి అని. వాళ్లు రాకపోవచ్చు. కానీ రమ్మన్నట్టు కాగితం ఉంటుంది.

ఇవన్నీ చేస్తే రేపటి నుంచి ఎవరూ సున్నం వేయరని కాదు. వేస్తారు. వేయనిద్దాం, గోడలు తెల్లగా ఉంటే మంచిదే. పిల్లలను మాత్రం గోడ వెనక్కి పంపొద్దు. ఈసారి ఎవరైనా పెద్దసారు మన బడికి వచ్చి ఒక పిల్లవాడి తల నిమిరి "నీది ఏ ఊరు బాబూ?" అని అడిగితే, ఆ పిల్లవాడు తన ఊరి పేరు చెప్పాలి. ఇక్కడి నుంచి ఎంత దూరమో, మధ్యలో ఎన్ని వాగులున్నాయో, రోడ్డు ఎక్కడ ఆగిపోయిందో కూడా చెప్పాలి.